పాత కార్లకు కొత్త బ్రేకులు: డిస్కు మార్పిడి మార్గాల పరిశీలన

ఇంజను బలాన్ని గురించి గొప్పగా చెప్పుకొనేవారు ఎందరో గలరు. బ్రేకుల బలాన్ని గురించి విచారించేవారు అరుదు. పాత కారును ముచ్చటపడి బాగుచేయించుకొనే యజమాని మొదట రంగు వేయిస్తాడు, పిదప సీట్లు కుట్టిస్తాడు, ఆపైన ఇంజను విప్పిస్తాడు. బ్రేకుల వంతు వచ్చేసరికి చేతిలోని సొమ్ము, మనసులోని ఉత్సాహం రెండూ తరిగిపోయి ఉంటాయి. అట్టి సమయంలో ఎవరో ఒకరు "డిస్కు బ్రేకులు వేయించండి, ఇక బెంగ ఉండదు" అని సలహా చెబుతారు. ఈ సలహాలో నిజమెంత? డిస్కు వేయించే మార్గాలు ఎన్ని? వాటిలో మన ప్రాంతపు రోడ్లకు, మన వాతావరణానికి ఏది తగినది? ఈ ప్రశ్నలను కొంత శాస్త్రదృష్టితో పరిశీలించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

పామిడిముక్కల, గుడివాడ, బందరు, దివిసీమ ప్రాంతాలలో కొండలు లేవు, ఘాట్ రోడ్లు లేవు. కనుక బ్రేకులకు ఇక్కడ పెద్ద పరీక్ష లేదని పలువురి అభిప్రాయం. కాని మన రోడ్ల స్వభావం వేరు. ఒక ప్రక్క నిండు కాలువ, మరొక ప్రక్క పల్లపు చేను, నడుమ ఇరుకైన గట్టు. గట్టు మీదికి హఠాత్తుగా ఎక్కివచ్చే గేదెల మంద, కోతల కాలంలో సగం రోడ్డును ఆక్రమించే ధాన్యపు ఆరబోత, వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రక్కు. ఇట్టి చోట కారు రెండు బారలు ముందుకు పోయి ఆగటం ఒక సంగతి. ఆగేటప్పుడు ఒక ప్రక్కకు లాగి కాలువ వైపు తిరగటం మరొక సంగతి. మన రోడ్ల మీద రెండవదే ప్రాణాంతకం. బ్రేకుల ఎంపికలో ఈ భేదాన్ని మొదటి నుండి చివరి వరకు గుర్తుంచుకోవలెను.

బ్రేకు చేసే పని

బ్రేకు వేగాన్ని మాయం చేయదు. వేగంలోని శక్తిని ఉష్ణంగా మార్చి గాలిలోకి వదులుతుంది. 1,200 కిలోల బరువుగల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నపుడు దానిలోని గతిశక్తి దాదాపు 1,67,000 జౌళ్ళు. అదే కారు 90 కిలోమీటర్ల వేగం అందుకొంటే ఆ శక్తి 3,75,000 జౌళ్ళకు చేరుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే బ్రేకు మీద పడే భారం రెండుంబావు రెట్లయినదన్నమాట. శక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని భౌతికశాస్త్ర తరగతిలో వల్లించిన సూత్రానికి రోడ్డు మీది అర్థం ఇదే.

ఆగే దూరం కూడా ఇదే లెక్కలో పెరుగుతుంది. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులు సెకనుకు సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగాన్ని తగ్గించగలవనుకొందాము. 60 కిలోమీటర్ల వేగం నుండి ఆగుటకు 23 మీటర్లు, 90 నుండి ఆగుటకు 52 మీటర్లు పడుతుంది. ప్రమాదాన్ని చూచి కాలు బ్రేకు మీదికి చేరుటకు ఒక సెకను పట్టినా, ఆ సెకనులోనే కారు మొదటి సందర్భంలో 17 మీటర్లు, రెండవ సందర్భంలో 25 మీటర్లు అదనంగా పోతుంది. తడిసిన బ్రేకుల వలన నిరోధం సగానికి పడిపోతే 23 మీటర్లు 46 అవుతాయి. 52 మీటర్లు 104 అవుతాయి.

డ్రమ్ము, డిస్కు

డ్రమ్ము బ్రేకులో చక్రంతోపాటు తిరిగే ఇనుప డోలు లోపల రెండు అర్ధచంద్రాకారపు షూలు ఉంటాయి. పెడలు తొక్కగానే బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో వీల్ సిలిండరు ఆ షూలను వెలుపలికి నెడుతుంది. తిరుగుతున్న డ్రమ్ము తన భ్రమణ దిశలో ఉన్న షూను తనవైపు మరింత లాగుకొంటుంది. దానిని లీడింగ్ షూ అంటారు. ఈ స్వయంబలం వలన కాలితో కొద్దిగా నొక్కినా బ్రేకు గట్టిగా పడుతుంది. 1950ల నాటి బ్రిటిష్ కార్లలో ముందు చక్రాలకు రెండు షూలూ లీడింగ్ షూలుగా అమర్చే పద్ధతి సాధారణం. ముందుకు పోయేటపుడు అది చాలా చక్కగా పనిచేస్తుంది. రివర్సులో మాత్రం దాని బలం తగ్గిపోతుంది.

కాని ఈ స్వయంబలమే డ్రమ్ము బలహీనత కూడా. లైనింగు వేడెక్కి దాని ఘర్షణ గుణం కొద్దిగా తగ్గితే, ఆ తగ్గుదల కూడా అనేక రెట్లుగా బ్రేకులో కనిపిస్తుంది. కుడి డ్రమ్ములోకి నీరుపోయి ఎడమ డ్రమ్ము పొడిగా ఉంటే కారు ఎడమవైపుకు లాగుతుంది. మితిమీరి వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది. పెడలు లోపలికి దిగిపోతుంది. దీనినే బ్రేకు ఫేడ్ అని అంటారు.

డిస్కు బ్రేకులో చక్రంతోపాటు ఒక ఇనుప పళ్ళెం బహిరంగంగా తిరుగుతుంది. దానిని రెండు ప్రక్కల నుండి క్యాలిపరు లోని ప్యాడ్లు పట్టుకొంటాయి. గాలి తగులుతుంది కనుక త్వరగా చల్లబడుతుంది. తిరిగే వేగానికి నీరు చిమ్మివేయబడుతుంది. మిగిలిన తడిని ప్యాడ్లే తుడుస్తాయి. వేడికి డిస్కు వ్యాకోచించినా ప్యాడ్లకు దూరం కాదు. స్వయంబలం లేదు కనుక కాలితో ఎంత నొక్కితే అంతే బ్రేకు పడుతుంది; రెండు ప్రక్కలా సమానంగా పడుతుంది. ఇందుకు చెల్లించవలసిన మూల్యం ఒకటి కలదు: ఎక్కువ బలంతో నొక్కవలెను. అందువలన సాధారణంగా సర్వో బూస్టరు సహాయం అవసరమవుతుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలెను. డిస్కు పెట్టినంత మాత్రాన ఆగే దూరం సగమైపోదు. చక్కని స్థితిలో ఉన్న డ్రమ్ము బ్రేకులు కూడా 60 కిలోమీటర్ల వేగం వద్ద చక్రాలను బిగించి టైరును రోడ్డు మీద ఈడ్చగలవు. ఆ క్షణంలో కారును ఆపేది టైరుకు రోడ్డుపైనున్న పట్టు మాత్రమే; ఏ డిస్కూ అంతకు మించి ఆపలేదు. డిస్కు ఆధిక్యం మొదటిసారి ఆపుటలో కాక పదవసారి ఆపుటలో, పొడిలో కాక తడిలో, దూరంలో కాక సూటిదనంలో కనిపిస్తుంది.

కొంత చరిత్ర

డిస్కు బ్రేకు కొత్త ఆవిష్కరణ కాదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దీనికి పేటెంటు పొందాడు. కాని ఆనాటి రోడ్ల దుమ్ము, ఆనాటి లోహాలు దానికి అనుకూలించలేదు. 1953లో ఫ్రాన్సులోని లీ మాన్స్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్కులు అమర్చిన జాగ్వార్ సి-టైపు కారు గెలుపొందటంతో లోకం దృష్టి దానిపై పడింది. 1955లో సిట్రోయెన్ డి.ఎస్. కారు ముందు చక్రాలకు డిస్కులతో వెలువడింది.

అమెరికాలో మాత్రం ఆలస్యమైంది. 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ. కారును మజిల్ కార్ల యుగానికి నాంది అంటారు. మజిల్ కారు అనగా మధ్యరకం శరీరంలో మహాబలమైన ఇంజనును అమర్చిన కారు. అందులో 6.4 లీటర్ల ఇంజను, 325 అశ్వశక్తి. నాలుగు చక్రాలకూ ఉన్నవి మాత్రం తొమ్మిదిన్నర అంగుళాల డ్రమ్ములే. మల్లునికి పసివాని చేతులు అమర్చినట్లున్న ఆ ఏర్పాటును సరిదిద్దుటకు 1967లో ముందు డిస్కులను ఐచ్ఛికంగా ఇచ్చారు. ఫోర్డ్ ముస్టాంగుకు 1965లో నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు లభించాయి. 1968లో వాటి స్థానంలో ఒకే పిస్టను గల జారుడు క్యాలిపర్లు వచ్చాయి. 1969 నాటి షెవర్లే కమారోకు నాలుగు చక్రాల డిస్కులు ఇస్తామన్నా కోరినవారు అతి కొద్దిమంది. నేడు అమెరికాలో ఆ పాత కార్లకు డిస్కులు అమర్చే సిద్ధ సామగ్రి పెట్టెలలో దొరుకుతుంది; ఏ సామగ్రి మేలన్న చర్చ అక్కడ అంతులేనిది.

మన దేశంలో ఆకారాన్ని బట్టి మజిల్ కారుగా ముద్దుగా పిలువబడినది 1984 నుండి 2002 వరకు తయారైన కాంటెస్సా. కాని మన ప్రాంతంలో బాగుచేయించుకొనే పాతకారు అంటే ముఖ్యంగా అంబాసిడరు, ఆపైన ఫియట్ వంశపు పద్మిని. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారంగా హిందుస్తాన్ మోటార్స్ వారు కలకత్తా సమీపంలోని ఉత్తరపారలో అంబాసిడరును రూపొందించారు. 1950ల చివర మొదలైన ఆ తయారీ 2014లో ఆగిపోయింది. దాని జీవితంలో అధిక భాగం నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఇసుజు 1,800 సి.సి. ఇంజనుతో 1990లలో వెలువడిన రకం కాలం నుండే సర్వోతో కూడిన ముందు డిస్కులు దానికి లభ్యమయ్యాయి. ఈ ఒక్క విషయం మన పరిశీలనకు చాలా ముఖ్యం.

నాలుగు మార్గాలు

మొదటి మార్గం ఉన్న డ్రమ్ములనే సక్రమం చేయించుట. ఇది నిరుత్సాహకరంగా కనిపించవచ్చును గాని, "బ్రేకులు సరిగా లేవు" అని వచ్చే పాత కార్లలో అనేకం నిజానికి డ్రమ్ములు గల కార్లు కావు, పాడైన డ్రమ్ములు గల కార్లు. అరిగి అండాకారమైన డ్రమ్మును లేతు మీద గుండ్రంగా కోయించవలెను. అనుమతించిన వ్యాసం దాటితే పారవేయవలెను. లైనింగు వంపును డ్రమ్ము వంపుకు సరిపోయేటట్లు రుద్దించవలెను; లేనియెడల షూ అంచులు మాత్రమే తగులుతాయి. వీల్ సిలిండరు రబ్బర్లు, బ్రేకు హోసు గొట్టాలు పైకి బాగున్నట్లే కనిపించినా వయస్సును బట్టి మార్చవలెను. ఖర్చు తక్కువ, కారు అసలు స్వరూపం చెడదు. నీటిలో బలహీనత మాత్రం తొలగదు.

రెండవ మార్గం అదే వంశానికి చెందిన తరువాతి కారు నుండి ముందు డిస్కులు తెచ్చుకొనుట. డిస్కులతో వచ్చిన అంబాసిడరు నుండి స్టబ్ యాక్సిలు, హబ్బు, డిస్కు, క్యాలిపరు, మాస్టర్ సిలిండరు, సర్వో అన్నింటినీ ఒక జట్టుగా తీసికొని పాత అంబాసిడరుకు అమర్చటమన్నమాట. అమెరికాలో కూడా అనుభవజ్ఞులు మజిల్ కార్లకు మొదట సూచించేది ఇదే పద్ధతి. ఒకే కర్మాగారపు ఇంజనీర్లు ఆ భాగాలను ఆ బరువుకు, ఆ చక్రానికి, ఆ స్టీరింగుకు సరిపోయేటట్లు లెక్కగట్టారు గదా! కొన్ని మార్పులు అవసరం కావచ్చును, కాని మౌలికమైన కొలతలు ఒక కుటుంబానివి. బెజవాడ జవహర్ ఆటోనగర్ వంటి కేంద్రాలలో వెదకితే ఇట్టి భాగాలు చిక్కే అవకాశం కలదు. అయితే పాత క్యాలిపరును ఉన్నది ఉన్నట్లు బిగించరాదు; పిస్టను తుప్పును, సీలును పరీక్షించి, డిస్కు మందం కనీస పరిమితికి పైన ఉన్నదని కొలిచి చూచుకోవలెను.

మూడవ మార్గం వేరొక కంపెనీ కారు డిస్కును, క్యాలిపరును తెచ్చి, మధ్య ఒక ఇనుప బ్రాకెట్టు తయారుచేసి బిగించుట. ఇది విరివిగా జరుగుతున్నది. ప్రమాదమూ ఇందులోనే ఎక్కువ. ఆ బ్రాకెట్టు మీద పడే బలాన్ని లెక్క వేద్దాము. 1,200 కిలోల కారును పైన చెప్పిన నిరోధంతో ఆపుటకు మొత్తం 7,200 న్యూటన్ల బలం కావలెను. అందులో 65 శాతం ముందు చక్రాలది. ఒక్కొక్క చక్రానికి 2,340 న్యూటన్లు. టైరు వ్యాసార్ధం 32 సెంటీమీటర్లు, ప్యాడు పట్టుకొనే చోటు చక్రకేంద్రానికి 10 సెంటీమీటర్లు అనుకొంటే, క్యాలిపరు మీద పడే బలం సుమారు 7,500 న్యూటన్లు, అనగా ఏడువందల యాభై కిలోలకు మించిన బరువు. ప్రతిసారి గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు ఇంత బరువు ఆ బ్రాకెట్టుకు, దాని రెండు బోల్టులకు వేలాడుతుంది. ఊరి వెల్డింగు షెడ్డులో చేతికందిన ప్లేటు ముక్కతో, సాధారణ బోల్టులతో చేసిన పని మొదటి రోజున బాగానే ఉంటుంది. బీట కంటికి కనబడకుండా పెరిగి ఒకనాడు విరుగుతుంది. కనుక ఈ మార్గాన్ని ఎన్నుకొనేవారు బ్రాకెట్టును కొలతలతో యంత్రం మీద కోయించి, అధిక బలం గల బోల్టులు వాడి, డిస్కు వంకర తిరగకుండా డయల్ గేజితో పరీక్షించి, చక్రం క్యాలిపరుకు రాచుకోకుండా చూచి, ఇంజనీరింగు తెలిసినవారి ఆమోదం పొందవలెను. ఇవన్నీ చేయించే ఓపిక లేనివారు మొదటి మార్గానికి మరలటం మంచిది.

నాలుగవ మార్గం నాలుగు చక్రాలకూ డిస్కులు. చూచుటకు ముచ్చట. కాని ప్రయోజనం స్వల్పం. బ్రేకు తొక్కగానే కారు ముక్కు వంగటం అందరూ గమనించినదే. అంబాసిడరు రెండు ఇరుసుల మధ్య దూరం 2.46 మీటర్లు. గురుత్వకేంద్రం 60 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకొంటే, గట్టిగా బ్రేకు పడినప్పుడు కారు బరువులో సుమారు 15 శాతం వెనుక నుండి ముందుకు మారుతుంది. నిశ్చలంగా సగం సగం ఉన్న బరువు అప్పుడు ముందు 65, వెనుక 35 అవుతుంది. వెనుక చక్రాలకు చేయవలసిన పనే తక్కువ. ఆ పనికి డ్రమ్ము చాలును. పైగా వెనుక బ్రేకులు అవసరానికి మించి బలంగా ఉంటే వెనుక చక్రాలు ముందుగా బిగిసి కారు బొంగరంవలె తిరుగుతుంది. కాలువ గట్టు మీద అంతకన్న చేటు లేదు. హ్యాండ్ బ్రేకును వెనుక డిస్కుకు అమర్చటం కూడా చిక్కుతో కూడిన పని. డ్రమ్ములో అది సహజంగా అమరి ఉంటుంది.

పిస్టన్ల సంఖ్యను గురించి ఒక మాట. నాలుగు, ఆరు పిస్టన్ల క్యాలిపర్లు పందెపు కార్లకు తగినవి. అవి ప్యాడును సమంగా నొక్కుతాయి, వేడిని ఓర్చుకొంటాయి. సాధారణ ప్రయాణానికి ఒకే పిస్టను గల జారుడు క్యాలిపరు సరిపోతుంది. భాగాలు తక్కువ, సీళ్ళు తక్కువ. అది జారే పిన్నులను మాత్రం శుభ్రపరచి, వేడికి కరగని గ్రీజు పూయుచుండవలెను.

డిస్కుతోపాటు రావలసినవి

డిస్కు మార్పిడిలో జరిగే లోపాలలో పెక్కు డిస్కులో ఉండవు. పెడలు నుండి చక్రం వరకుగల మిగిలిన ఏర్పాటులో ఉంటాయి.

మొదటిది జంట మాస్టర్ సిలిండరు. తొలితరం కార్లలో ఒకే సిలిండరు, ఒకే ఆయిల్ మార్గం. ఎక్కడ ఒక గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. జంట సిలిండరులో ముందు చక్రాలకు ఒక మార్గం, వెనుక చక్రాలకు మరొక మార్గం; ఒకటి పోయినా రెండవది మిగులుతుంది. అమెరికాలో 1968 జనవరి నుండి కొత్త కార్లకు ఇట్టి ఏర్పాటును చట్టం తప్పనిసరి చేసింది. డిస్కు వేయించుటకు శక్తి లేనివారు కూడా ఈ ఒక్క మార్పును తమ డ్రమ్ము బ్రేకుల కారుకు చేయించుకోగలిగితే ప్రాణరక్షణకు అది డిస్కు కన్న ఎక్కువ ఉపకరిస్తుందని నా దృఢాభిప్రాయం.

రెండవది అవశేష పీడనపు వాల్వు. డ్రమ్ము బ్రేకుల గొట్టంలో ఎల్లప్పుడూ చదరపు అంగుళానికి సుమారు 10 పౌండ్ల ఒత్తిడి నిలిపి ఉంచుతారు. పాత మాస్టర్ సిలిండరునే డిస్కులకు వాడితే ఆ ఒత్తిడి ప్యాడ్లను డిస్కుకు అంటిపెట్టుకొని ఉంచుతుంది. డిస్కు కాలుతుంది, మైలేజి పడిపోతుంది, ఆయిల్ మరుగుతుంది. డిస్కుల మార్గంలో ఆ వాల్వు ఉండరాదు. మాస్టర్ సిలిండరు క్యాలిపర్ల కన్న పల్లంగా, నేల క్రింద ఉన్న కార్లలో మాత్రం ఆయిల్ వెనుకకు జారకుండా 2 పౌండ్ల వాల్వు పెట్టవలసి ఉంటుంది.

మూడవది వెనుక ఒత్తిడిని అదుపుచేసే ప్రొపోర్షనింగ్ వాల్వు. ముందు చక్రాల కన్న వెనుక చక్రాలు ముందుగా బిగియకుండా ఇది కాపాడుతుంది.

నాలుగవది సర్వో బూస్టరు. ఇది పెట్రోలు ఇంజను ఇన్‌టేక్ మ్యానిఫోల్డులోని శూన్యత వలన పనిచేస్తుంది. డీజిల్ ఇంజనులో అట్టి శూన్యత ఉండదు. వేరుగా వాక్యూమ్ పంపు అమర్చవలెను. మన జిల్లాలో తిరిగిన అంబాసిడర్లలో డీజిల్ బళ్ళు ఎన్నో గలవు కనుక ఇది ముఖ్యం. చిత్రమేమనగా, పందెపు క్యామ్‌షాఫ్టు వేసిన అమెరికా మజిల్ కార్లకు కూడా ఇదే ఇబ్బంది. బలం పెరిగిన ఇంజను శూన్యతను తగినంత ఇవ్వదు. ఇంజను ఆగిపోతే సర్వో సహాయం రెండు మూడు తొక్కుళ్ళతో అయిపోతుందని, పిదప పెడలు రాయివలె గట్టిపడుతుందని ప్రతి డ్రైవరూ తెలిసికొని ఉండవలెను.

ఐదవది బ్రేక్ ఆయిల్. పేరుకు ఆయిల్ అయినా ఇది గాలిలోని తేమను పీల్చుకొనే ద్రవం. కొత్త డాట్-3 ద్రవం 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగకూడదని, తేమ పట్టిన పిదప అది 140 డిగ్రీలకు దిగవచ్చునని ప్రమాణం. డాట్-4కు ఇవి 230, 155 డిగ్రీలు. మరిగితే గొట్టంలో ఆవిరి చేరి పెడలు మెత్తబడుతుంది. సముద్రపు గాలి, కాలువల తేమ నిండిన మన ప్రాంతంలో రెండేండ్లకొకసారి దీనిని పూర్తిగా మార్చటం తప్పనిసరి. సిలికోను రకమైన డాట్-5ను వీటితో కలుపరాదు.

డెల్టా పరిస్థితులు

వర్షాకాలంలో చప్టాల మీద, పల్లపు రోడ్ల మీద మోకాటి లోతు నీరు నిలవటం మనకు పరిపాటి. ఆ నీటిలో దిగివచ్చిన డ్రమ్ము బ్రేకు కొంతదూరం దాదాపు పనిచేయదు. నీటిని దాటిన వెంటనే తక్కువ వేగంలో పెడలును మెల్లగా పలుమార్లు తొక్కి లైనింగును ఆరబెట్టుకోవలెనని పాత డ్రైవర్లు చెప్పే మాట అక్షరాలా శాస్త్రీయం. డిస్కుకు ఈ బాధ చాలా తక్కువ. మన ప్రాంతంలో డిస్కు మార్పిడికి బలమైన కారణం వేగం కాదు, వేడి కాదు, ఈ నీరే.

అయితే డిస్కుకు మన వాతావరణం పూర్తిగా అనుకూలమని చెప్పలేము. బందరు, నాగాయలంక, కోడూరు వైపు ఉప్పుగాలికి డిస్కులు, క్యాలిపరు పిన్నులు త్వరగా తుప్పుపడతాయి. పాత కారు నెలల తరబడి షెడ్డులో ఉండి పండుగకు మాత్రమే బయటకు వచ్చేదైతే పిస్టను బిగిసిపోయే ప్రమాదం ఎక్కువ. అట్టి కారును పదిహేను రోజులకొకసారియైనా నడిపి బ్రేకులు వాడుచుండవలెను. నల్లరేగడి బురద ఎండి ప్యాడ్ల ప్రక్కన గట్టకట్టకుండా కడుగుచుండవలెను.

పనివారి ఆరోగ్యం, చట్టం

మన విద్యార్థుల ఇండ్లలో మోటారు షెడ్డులపై ఆధారపడినవారు పలువురు గలరు. ఉస్తాదు వద్ద పని నేర్చుకొనే కుర్రవాని చేతికి మొదట వచ్చే పని డ్రమ్ము విప్పి దుమ్ము దులపటమే. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ నార ఉండేది. దాని సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో చేరి, దశాబ్దాల తరువాత నయంకాని వ్యాధులను కలిగించగలదు. కనుక డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదరాదు, గాలి గొట్టంతో కొట్టరాదు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయవలెను. ఈ ఒక్క మాట ప్రతి ఉస్తాదు తన షాగిర్దులకు చెప్పగలిగితే ఎందరో తల్లుల కడుపు చల్లగా ఉంటుంది.

ఇక చట్టం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదని చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం ఏబదియేండ్లు దాటిన వాహనాన్ని వింటేజి వాహనంగా నమోదు చేయించాలంటే దాని చాసిస్, శరీరం, ఇంజనులలో గణనీయమైన మార్పు జరిగి ఉండరాదు. కాబట్టి ఏ మార్పునకైనా ముందు రవాణా శాఖ అధికారిని, బీమా సంస్థను సంప్రదించి లిఖితపూర్వకంగా తెలియజేయటం క్షేమం. తీసివేసిన పాత డ్రమ్ములను అమ్ముకొనక భద్రపరచటం వివేకం. చరిత్ర విలువ గల కారును ఏనాటికైనా పూర్వరూపానికి తేవచ్చును.

ముగింపు

పైన చెప్పినదంతా క్రోడీకరించి, సొమ్ము పరిమితంగా ఉన్న యజమాని అనుసరించదగిన క్రమాన్ని ఇట్లు చెప్పవచ్చును. మొదట మంచి టైర్లు. పిదప డ్రమ్ములు, గొట్టాలు, ఆయిల్ సక్రమం చేయించుట. ఆ తరువాత జంట మాస్టర్ సిలిండరు. అప్పటికీ శక్తి మిగిలినచో అదే వంశపు కారు నుండి ముందు డిస్కులు, సర్వో, వాల్వులు ఒకే జట్టుగా. పరాయి కారు భాగాలను అతికించటం నిపుణుని పర్యవేక్షణలో మాత్రమే. నాలుగు చక్రాల డిస్కులు మన రోడ్లకు అనవసరపు వ్యయం.

పని పూర్తియైన పిదప జనసంచారం లేని చదును స్థలంలో తక్కువ వేగంతో మొదలుపెట్టి, కారు సూటిగా ఆగుతున్నదా, వెనుక చక్రాలు ముందుగా బిగుస్తున్నవా అని పరీక్షించి, కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటుపడే వరకు గట్టిగా తొక్కకుండా నడపవలెను. ఆ పరీక్ష కాకముందు కుటుంబాన్ని ఎక్కించుకొని కరకట్ట మీదికి పోరాదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. కోసి లోపలి భాగాలు కనిపించేటట్లు చేసిన ఒక డ్రమ్మును, ఒక డిస్కును, ఒక జంట మాస్టర్ సిలిండరును మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచితే, పాస్కల్ నియమం, ఘర్షణ, ఉష్ణం ఈ మూడు పాఠాలూ విద్యార్థుల కంటి ఎదుట నిలుస్తాయి. తుక్కు కొట్లలో వీటికి పెద్ద వెల ఉండదు. నేడు ఇంజను అశ్వశక్తిని కంఠస్థం చేసే మన యువకులు ఆ మూడు వస్తువులను చేతితో తాకి చూస్తే, రేపు ఏ పాత కారు తాళంచెవి అందుకొన్నా మొదట బ్రేకు పెడలు తొక్కి చూచే అలవాటు వారికి కలుగుతుంది.